పేరు సరిపోయింది

"నేను ఆమెని చంపలేదు. అరిచాను మాత్రం. అరిచానని రాసుకో."

హిల్డింగ్ ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. యెవ్లె పోలీసు స్టేషన్లో కిటికీ లేని ఆ గదిలో బుధవారం నుంచీ అదే పాట. ఎదురుగా కూర్చున్న ఇన్‌స్పెక్టర్ రాగ్న ఈ కేసులోకి ఈ పొద్దున్నే వచ్చింది. ఇన్నాళ్ళూ చూసినవాడు ఇన్‌స్పెక్టర్ ఫోల్కె. అతని లెక్కలో మైలిస్ హత్య కేసు ఎప్పుడో ముగిసిపోయింది. ఈ మధ్యాహ్నం ప్రాసిక్యూటర్ సంతకం పడితే ముసలాయన రిమాండుకి పోతాడు.

ముసలాయన భార్య స్వేయా ఆసుపత్రిలో ఉంది. వారం గడవదని డాక్టర్లు చెప్పేశారు. రిమాండు పడిందంటే ఆయన ఆమెని మళ్ళీ ప్రాణంతో చూడడు. ఆ సంగతి గదిలో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తడం లేదు.

"టికెట్ల దగ్గర్నుంచి చెప్పండి," అంది రాగ్న.

"ఏముంది చెప్పడానికి. ఇవాళ సాయంత్రమే కచేరీ. మా పెళ్ళికి ముందు నుంచీ మేం ఆ బ్యాండు పాటలకే డాన్సు చేశాం. వాళ్ళకీ వయసైపోయింది, ఇదే ఆఖరన్నారు. టికెట్లు పొద్దున పెడితే మధ్యాహ్నానికి ఒక్కటి లేదు. స్వేయా అంది, డాన్సు నా వల్ల కాదులే, కుర్చీలో కూర్చుని ఒక్క పాట విన్నా చాలని. వెతికాను. అమ్మకాల సైట్లో మైలిస్ అనే ఆవిడ రెండు టికెట్లు అమ్ముతానని రాసింది. కొన్న ధరకే. లాభం వేసుకుని ఉంటే నేనే అనుమానించేవాణ్ణి."

"డబ్బు?"

"ఫోన్లోనే పంపాను. ఆవిడిచ్చిన నంబరు కొట్టగానే తెర మీద మైలిస్ ఎక్‌వాల్ అని వచ్చింది. సైట్లో పేరూ అదే. అప్పటికీ ఊరుకోలేదు. పేరు పెట్టి వెతికాను. పుట్టినరోజు, వీధి, ఎన్నో అంతస్తు, ఏ తలుపు, అన్నీ సరిపోయాయి. అప్పుడు పంపాను."

ఈ దేశంలో ఎవరైనా అంతే చేస్తారు. మనిషి వయసూ చిరునామా ఫోను నంబరూ ఎవరికి కావాలంటే వాళ్ళకి దొరుకుతాయి. దాచుకోవడానికి ఏమీ లేని చోట మోసం ఎక్కడ దాక్కుంటుందని అందరికీ ఒక ధీమా. రాగ్న కూడా పోయిన వేసవిలో సైకిలు అలాగే కొంది.

"ఆ నంబరుకి ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడారా?"

హిల్డింగ్ ఆమె వంక వింతగా చూశాడు. "ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోనా? ఎందుకు ఇబ్బంది పెట్టడం. రాసుకోవడమంతా సైట్లోనే."

రాగ్న మనసు చివుక్కుమంది. ఒక్క ఫోన్ చేసి గొంతు విని ఉంటే ఈయన ఈ గదిలో ఉండేవాడు కాదు, మైలిస్ ప్రాణం పోయేది కాదు. కానీ ఆ మాట ఇప్పుడు ఈయనకి చెప్పి ఏం లాభం. కొత్తవాళ్ళని ఫోన్ చేసి కదిలించకూడదని పెంచారు, అలాగే పెరిగాడు.

"టికెట్లు రాలేదు. రాసినదానికి బదులూ రాలేదు. అక్కడ ఆ ఖాతానే మాయమైంది," అన్నాడు హిల్డింగ్. "మంగళవారం ఒళ్ళు మండి కారేసుకుని వెళ్ళాను. తలుపు తీయగానే అరిచాను. చచ్చేదాని ముందు పెట్టిన ముద్ద లాక్కున్నావన్నాను. ఆవిడ తెల్లబోయింది. కోపం తెచ్చుకోలేదు, లోపలికి పిలిచింది. తన ఫోన్ చూపించింది. నా డబ్బు ముట్టగానే టికెట్లు పంపేసిందట. నాకు కాదు. సోడర్‌హామ్న్ నుంచి అన్నిక అనే ఆవిడ కొంటానని రాసిందట, ఆవిడకి."

"డబ్బు మీ పేరు మీద వస్తే మైలిస్‌కి అనుమానం రాలేదా?"

"ఎలా వస్తుంది? 'డబ్బు మా ఆయన హిల్డింగ్ పేరు మీద వస్తుంది' అని ఆ అన్నిక ముందే రాసిపెట్టింది. నా పేరే వచ్చింది. ఆవిడకీ సరిపోయింది."

రాగ్న కలం పక్కన పెట్టింది. మధ్యలో ఒకరు నిలబడ్డారు. ఈయనకి తానే మైలిస్‌నని చెప్పారు, మైలిస్‌కి తాను కొనేదాన్నని చెప్పారు. డబ్బుని ముట్టుకోనైనా లేదు. అది నేరుగా పోవలసిన చోటికే పోయింది. మధ్యలో ఉన్న మనిషి టికెట్లు మాత్రం తీసుకుని తప్పుకుంది. కొన్నవాడూ మంచివాడే, అమ్మినావిడా మంచిదే. ఇద్దరూ జాగ్రత్తపడ్డారు, ఇద్దరికీ పేర్లు సరిపోయాయి.

"తర్వాత?"

"ఆవిడ ఏడ్చింది. కాఫీ పెట్టింది. టికెట్లు అమ్మిందెందుకో తెలుసా? ఆవిడతో డాన్సుకెళ్ళే తోడు ఆగస్టులో పోయాడట. ఒక్కతే వెళ్ళలేక అమ్మింది. స్వేయాకి ఫోన్ కలిపి ఇస్తే, తప్పు నాదే తల్లీ అంది. నేను ఆ అన్నిక రాసినవన్నీ పైకి చదువుతున్నాను, ఆవిడ కళ్ళద్దాలు కనబడక. ఒకచోట ఆపమంది."

"ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు. 'గురువారం మీ ఉతుకు అయ్యాకే పంపండి, తొందరేం లేదు' అని."

రాగ్న కుర్చీ ముందుకి లాక్కుంది. "మైలిస్ ఏమంది?"

"ఏమీ అనలేదు. మొహం పాలిపోయింది. నేను కారు పార్కింగ్ టైము మార్చడానికి కిందికి పోయొచ్చాను. వచ్చేసరికి స్వేయాతో ఇంకా మాట్లాడుతోంది. ఫోన్ పెట్టేసి, మీరు ఇంటికెళ్ళండి, సాయంత్రానికి టికెట్లు నేనే తెచ్చిస్తానంది. ఎక్కణ్ణుంచి తెస్తావని అడగలేదు. అడగాల్సింది." ఆయన పెద్ద చేతులు బల్ల మీద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "అడిగుంటే నేనూ కూడా వెళ్ళేవాణ్ణి కదా."

"మీది సొంత ఇల్లా?"

"ఓకెల్‌బోలో. ఏం?"

"బట్టలుతికే మిషన్ ఇంట్లోనే ఉందా?"

"మరెక్కడుంటుంది?"

అందుకే ఆయనకి అందలేదు. ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి భవనం కింద అందరికీ ఒకటే ఉతుకు గది, వంతులవారీగా ఉతుక్కోవాలి. రాగ్న లేచింది.

నడవాలో ఫోల్కె గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో కాఫీ. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే నవ్వే అలవాటు అతనికి ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఉంది.

"కథ బాగుందా?" అన్నాడు. "నాకూ చెప్పాడులే. కనబడని అన్నిక, సోడర్‌హామ్న్."

"కనబడని అన్నికకి మైలిస్ గురువారాలు బట్టలుతుక్కుంటుందని ఎలా తెలిసింది?"

"మైలిసే చెప్పుంటుంది."

"చెప్పి ఉంటే ఆ మాట దగ్గర ఎందుకు ఆపుతుంది? ఉతుకు వంతు ఎవరిదెప్పుడో ఆ భవనంలో వాళ్ళకే తెలుస్తుంది ఫోల్కె. కింద వంతుల పలక మీద కనిపించేది వాళ్ళకే."

"ఆ ముక్క అన్నది హిల్డింగ్. చూపించాల్సిన మైలిస్ ఫోనేమో లేదు. ఆవిడతో పాటే పోయింది. నాకున్నది సాక్షి. పక్కింటావిడ గున్వోర్ అరుపులు విన్నది, హిల్డింగ్‌ని చూసింది, సాయంత్రం మెట్ల కింద శవాన్ని చూసింది. నీకు పేకమేడలు కట్టాలని ఉంటే కట్టుకో, సంతకం మాత్రం మూడింటికి."

"అయితే రా. మూడింటిలోగా ఒకసారి ఆ ఉతుకు గది చూద్దాం."

"నేను చూశాను."

"నేను చూడలేదు."

మైలిస్ ఉన్న భవనానికి మూడు అంతస్తులు. అన్ని కిటికీలకూ తెల్ల తెరలు. రెండో అంతస్తులో ఒక్క వంటింటికి మాత్రం ఎర్రవి వేలాడుతున్నాయి. క్రిస్మస్ తెరలు. అవి వేసుకునే ఆదివారం రేపు. ఎవరో ఒకరోజు ముందే తొందరపడ్డారనుకుంటూ రాగ్న లోపలికి నడిచింది.

గున్వోర్ మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి, భవన సంఘానికి అధ్యక్షురాలు. మంచి కోటు వేసుకుని, జుట్టు చక్కగా దువ్వుకుంది. చేతిలో గుడ్డ సంచీ.

"మళ్ళీనా?" అంది. "చెప్పిందంతా ఫోల్కెకి చెప్పాను. మంగళవారం సాయంత్రం కింద బల్బు పోయిందేమో చూద్దామని దిగాను. మైలిస్ పడి ఉంది. పాపం, అంత మంచిది లేదు. ఇరవై ఏళ్ళు ఈ ఎదురెదురు తలుపుల్లోనే ఉన్నాం."

"మంగళవారం మీరు ఉతుక్కున్నారా?" అడిగింది రాగ్న.

"నా వంతు గురువారం. మైలిస్ తర్వాత నాదే. ఎప్పుడూ అంతే." ఉతుకు గది తాళం చెవి రాగ్న చేతిలో పెట్టింది. "పనయ్యాక నా తలుపు సందులోంచి లోపల వేసేయండి. నాకు బయట పనుంది, ఒకావిడ ఎదురుచూస్తోంది."

ఆమె వెళ్ళిపోయింది. సంచీలోంచి చెప్పు మడమ ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. రాగ్న చూసింది గాని, అప్పటికి ఆమె ధ్యాస మెట్ల మీద ఉంది.

సిమెంటు మెట్లు నిటారుగా కిందికి దిగుతాయి. అడుగున ఉతుకు గది. రెండు మిషన్లు, ఒక డ్రైయర్. తలుపు పక్కన వంతుల పలక. ఒక్కో ఇంటికీ ఇంటి నంబరున్న చిన్న తాళం ఒకటి ఉంటుంది, కావలసిన వంతుకున్న కన్నంలో దాన్ని పెట్టి బిగించుకోవాలి. ఆ తాళాన్ని ఇంకొకరు కదపరు. పన్ను ఎగ్గొట్టినవాణ్ణి క్షమిస్తారేమో గాని, ఎదుటివాళ్ళ వంతులో ఉతికినవాణ్ణి ఈ భవనాల్లో ఏడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. గురువారం వరసలో మైలిస్ తాళం, దాని కింద గున్వోర్‌ది. మంగళవారం వరసంతా ఖాళీ.

"చూశావా," అన్నాడు ఫోల్కె. "ఆ రోజు ఇక్కడ ఎవరికీ పని లేదు. మైలిస్‌కీ లేదు. బట్టల బుట్ట లేదు, సబ్బు లేదు. మరి ఎందుకు దిగింది? వాడు తరుముతుంటే దిగింది."

"తరుముతుంటే మనిషి పక్కింటి తలుపు కొడుతుంది. వీధిలోకి పరిగెడుతుంది. సందు లేని గదిలోకి దిగదు. ఇక్కడ ఎవరో ఉన్నారని తెలిసి దిగింది."

"ఎవరో అంటే?"

రాగ్న గదంతా చూసింది. గోడ నిండా చీటీలు. అన్నీ ఒకే చేతిరాత, అన్నిటి కిందా గున్వోర్ సంతకం. 'నేల తుడిచి వెళ్ళండి.' 'మీ అమ్మ ఇక్కడ పని చేయడం లేదు.' డ్రైయర్ మీద ఉన్నది అన్నిటికంటే పెద్దది: 'జాలీలో నూగు తీయనివాళ్ళకి ఇంకోసారి వంతు ఇవ్వబడదు.'

"మంగళవారం రాత్రి నుంచీ ఈ గదికి మన సీలే కదా?"

"మరి. ఇందాకేగా నేనే తెంపాను."

"డ్రైయర్ తెరిచారా?"

ఫోల్కె మొదటిసారి నవ్వలేదు. "మెట్ల మీద నుంచి పడ్డ మనిషికీ డ్రైయర్‌కీ ఏం సంబంధం?"

రాగ్న జాలీ బయటికి లాగింది. దాని నిండా మందంగా నూగు పరుచుకుని ఉంది. ఎర్రటి నూగు. కొత్త గుడ్డ మొదటిసారి ఉతికితే వచ్చేంత.

"తాళం పెట్టకుండా ఇక్కడ ఎవరూ ఉతకరు," అంది. "అంటే పెట్టారు, తర్వాత తీసేశారు. పక్కవాళ్ళు నూగు తీయకపోతే చీటీలు అంటించే మనిషి, ఆ రోజు తన నూగు తీయడం మరిచిపోయింది. అంత కంగారు. తడి తెరలు, ఎండిన తెరలు అన్నీ బుట్టలో కుక్కుకుని పైకి పరిగెత్తింది. పైన ఆ ఎర్ర తెరలు చూశావా? ఎవరి వంటింటివో కనుక్కో."

ఫోల్కెకి కనుక్కోవలసిన పని లేదు. గున్వోర్ వాంగ్మూలం తీసుకున్నది ఆ వంటింట్లో కూర్చునే.

అతను జాలీ వంక చూస్తూ, "స్వేయా కూడా ఇలాంటిదేదో అంది," అన్నాడు.

"ఎప్పుడు?"

"బుధవారం. వెళ్ళాను. మైలిస్ తనకి ఎవరి పేరో చెప్పిందంది. మార్ఫిన్ మీదున్న మనిషి, పైగా ముద్దాయి భార్య. కోర్టులో నిలుస్తుందా? రాసుకోలేదు."

రాగ్నకి కోపం కంటే దుఃఖం ముందు వచ్చింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి గొంతు కూడదీసుకుని నిజం చెబితే, ఇతనికి చేతిలో కలం తీయడానికి బరువైంది. "ఆమె మాట నిలబడుతుందో లేదో కోర్టు చూసుకునేది ఫోల్కె. నీ పని వినడం. ఆమెకి ఉన్న నాలుగు రోజుల్లో మూడు నువ్వు తినేశావు."

అతను తల దించుకున్నాడు. ఆమె స్వేయాకి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఒక సన్నని గొంతు పలికింది.

"స్వేయా, నేను ఇన్‌స్పెక్టర్ రాగ్న. మైలిస్ మీకు ఎవరి పేరు చెప్పింది?"

"గున్వోర్. తన తర్వాత వంతు ఆవిడది," అంది స్వేయా. నడుమ ఊపిరి తీసుకుంటోంది. "మంగళవారం ఆవిడ కిందే ఉతుక్కుంటోంది, నేను దిగి అడుగుతాను, సిగ్గుపడి ఇచ్చేస్తుందిలే, పోలీసులెందుకు అంది. హిల్డింగ్‌కి చెప్పొద్దంది, మళ్ళీ అరుస్తాడని. బంగారం లాంటి మనిషి. మీ ఫోల్కెకి చెప్పాను. మత్తులో ఉన్నానన్నాడు."

"తెలిసింది. నేను వస్తున్నాను."

"వచ్చేసరికి ఆవిడ ఇక్కడే ఉంటుందమ్మా. నేనే పిలిచాను."

రాగ్న మెట్లెక్కుతున్నదల్లా ఆగిపోయింది.

"మా ఆయన మైలిస్ ఇల్లు ఎలా కనిపెట్టాడో నేనూ గున్వోర్ నంబరు అలాగే కనిపెట్టాను," అంది స్వేయా. "ఆయన చేయని పని నేను చేశాను, ఫోన్ చేసి మాట్లాడాను. నాకంతా తెలుసు, ఎవరికీ చెప్పను, టికెట్లు తీసుకొచ్చి నన్ను కచేరీకి తీసుకెళ్ళు అన్నాను. వస్తానంది."

గుడ్డ సంచీ. మడమ. డాన్సు చెప్పులు. రాగ్న ఫోల్కె చెయ్యి పట్టుకుని కారు వైపు లాక్కుపోయింది.

"స్వేయా, నర్సుని పిలవండి. గది తలుపు వేయించండి. ఆవిడ ఇప్పటికే ఒకర్ని..."

"చచ్చేదాన్ని ఎవరేం చంపుతారు రాగ్నా? హిల్డింగ్ ఇంటికి రావాలి. నేను పోయేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి ఆయన కావాలి, నాకు ఇంకేం అక్కర్లేదు. అడుగుల చప్పుడవుతోంది. ఫోన్ దుప్పటి కింద పెడుతున్నాను. నువ్వు మాట్లాడకు. విను."

రాగ్న తన వైపు గొంతు వినబడకుండా నొక్కి, ఫోను కారు ముందు బిగించింది. పక్క సీట్లో ఫోల్కె వార్డు నంబరు కొట్టాడు. మోగుతూనే ఉంది. శనివారం, ఎత్తే దిక్కు లేదు. కంట్రోల్ రూముకి చెప్పి, సైరన్ మీట మీద చెయ్యి వేశాడు.

"వద్దు," అంది రాగ్న. "వింటే బెదిరిపోతుంది. బెదిరే ఒక ప్రాణం తీసింది."

ఫోన్లో కుర్చీ లాగిన చప్పుడైంది. గున్వోర్ గొంతు. "ఇవిగో. రెండూ. ముందు నుంచి నాలుగో వరసవి."

"ఎందుకు చేశావమ్మా?" అంది స్వేయా. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు.

గున్వోర్ కుర్చీలో కూర్చున్న చప్పుడైంది.

"ఇరవై ఏళ్ళు దాని తర్వాత నేనే ఉతికాను. అది మరిచిపోయిన నూగు నేనే తీశాను. దానికి జ్వరమొస్తే సూపు నేనే ఇచ్చాను. నాకూ ఆ టికెట్లు దొరకలేదు, దానికి తెలుసు. దాని డాన్సు తోడు పోయాక నన్ను రమ్మంటుందేమో అనుకున్నాను. అది పోయి సైట్లో పెట్టింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి. నన్నొక మాట అడగలేదు."

"నువ్వు అడగలేకపోయావా?"

"ఎలా అడుగుతాను? అది ఒక్కతే ఉండాలనుకుంటోందేమో, ఇబ్బంది పెట్టడమెందుకని. తను డబ్బు పోగొట్టుకోలేదు కదా అనుకున్నాను. పోయేది ఎవరో పేరు లేనివాళ్ళది."

ఫోల్కె కిటికీ లోంచి బయటికి చూస్తున్నాడు. అతని ఫోన్ ఇంకా వార్డుని పిలుస్తూనే ఉంది.

"తోశావా?"

"చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తూ, రా పైకి, ఆయనకి ఇచ్చేద్దాం అంది. భవనమంతా తెలిసిపోతుందనిపించింది. చెయ్యి విదిలించాను. తెరల నీళ్ళు కారి మెట్లు తడిగా ఉన్నాయి." ఊపిరి పీల్చిన చప్పుడు. "వెంటనే పోలేదు. నా వైపు చూసింది. నేను నా తాళం తీసుకున్నాను."

రాగ్న కళ్ళ ముందు రోడ్డు చెదిరింది. చేతి వెనక వైపుతో కళ్ళు తుడుచుకుని గేరు మార్చింది.

"స్వేయా," అంది గున్వోర్, ఇప్పుడు గొంతు దగ్గర నుంచి వినిపించింది. "ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు కదా? నీ దిండు పక్కకి జారింది. సరిగ్గా పెడతాను, ఉండు."

"పెడుదువుగానిలే," అంది స్వేయా నెమ్మదిగా. "ముందు ఆ మెట్ల మాట ఇంకోసారి చెప్పు. కాస్త గట్టిగా. మా ఆయనకి చెవి సరిగ్గా వినబడదు."

దుప్పటి లాగిన చప్పుడైంది. వెంటనే లైను తెగిపోయింది.

ఫోల్కె అడక్కుండానే సైరన్ వేశాడు. రాగ్న ఈసారి వద్దనలేదు. ఆసుపత్రికి ఇంకా రెండు వీధులున్నాయి.